అల్జీమర్స్ ముప్పు తగ్గాలంటే మన వంటింట్లో, దినచర్యలో ఏం మార్చాలి?

గోదారిగట్టు:

నమస్కారమండీ. అమ్మకి 64 ఏళ్లు, కాకినాడలో ఉంటుంది. బీపీకి టెల్మిసార్టాన్, షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతోంది. జ్ఞాపకశక్తికి ఇప్పటివరకు ఇబ్బందేమీ లేదు. అమ్మమ్మకి మాత్రం 78వ ఏట అల్జీమర్స్ అని తేలింది, అందుకే ముందుజాగ్రత్త.

మెదడు ఆరోగ్యం కోసం రూపొందించిన మైండ్ డైట్ అనే తిండి పద్ధతి గురించి చదివాను. ఆలివ్ ఆయిల్, బ్లూబెర్రీలు, సాల్మన్ చేప అంటున్నారు. అది మా ఇంటి వంట కాదు, నాలుగు రోజులు పెట్టి ఐదోరోజు మానేస్తాం. అన్నం, పప్పు, పులుసు, పెరుగు తినే ఇంట్లో దేన్ని ఎంత కొలతలో మార్చాలో చెప్పగలరా? తిండి కాక ఇంకేం చూసుకోవాలి? జన్యు పరీక్ష చేయిస్తే ఉపయోగం ఉంటుందా?

పోషణ_తార్నాక:

ముందు మైండ్ డైట్ లెక్క. షికాగోలో రష్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్తా క్లేర్ మోరిస్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఆ పద్ధతికి బాగా దగ్గరగా తిన్నవాళ్లలో అల్జీమర్స్ 53 శాతం తక్కువగా కనిపించింది. అందరూ పంచుకునే అంకె అదే. అయితే అది జనం తమంతట తాము తినేదాన్ని గమనించి రాసుకున్న పరిశోధన. అలా తినేవాళ్లు నడుస్తారు, పొగ తాగరు, చదువుకుని ఉంటారు. ఏది దేనివల్లో విడదీయడం కష్టం. కుటుంబంలో మతిమరుపు జబ్బు ఉన్న 604 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి మైండ్ డైట్, రెండోవాళ్లకి వాళ్ల మామూలు తిండే కాస్త తగ్గించి మూడేళ్లు పెట్టిన ప్రయోగం 2023లో వచ్చింది. రెండు గుంపులూ బరువు తగ్గాయి, మెదడు పరీక్షల్లో రెండు గుంపుల మార్కులూ కొంచెం మెరుగయ్యాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఫలానా పండు, ఫలానా నూనె కాపాడుతుందని నమ్మి డబ్బు పోయకండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపులో ఉండే తిండి ఏదైనా మెదడు రక్తనాళాలకి మేలే. అది మన వంటతోనే కుదురుతుంది.

మన కంచంలో లోపం అన్నం దగ్గరుంది. పప్పులోకి ఒకసారి, పులుసులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి వడ్డించుకుంటే మూడుసార్లయింది. కూర నంజుకోవడానికే మిగులుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కిలోక్యాలరీల రోజుకి ఇచ్చిన కొలతలు ఇవి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400 (అందులో ఆకుకూరలు 100), పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. అన్నీ పచ్చి బరువులే. ఇంట్లోనే ఎక్కువగా ఉండే 64 ఏళ్ల మనిషికి 2000 అక్కర్లేదు. తగ్గించాల్సింది ధాన్యంలోనే. రోజు మొత్తానికి 180 గ్రాముల దగ్గర మొదలుపెట్టి, షుగర్, బరువు చూసుకుంటూ సర్దుకోండి. గ్లిమిపిరైడ్ వాడుతున్నారు కాబట్టి అన్నం ఒక్కసారిగా సగం చేయకండి, షుగర్ పడిపోతుంది. రెండు మూడు వారాల్లో మెల్లగా తగ్గించి, మాత్ర మోతాదు గురించి డాక్టరుతో ముందే మాట్లాడండి.

పప్పు పలచగా చారులా కాకుండా ముద్దగా చేయండి. పూటకి మనిషికి 30 గ్రాముల పచ్చి పప్పు పడాలి. తోటకూర, బచ్చలి, గోంగూర, మెంతికూర, మునగాకు ఏదైనా సరే, కాడలు తీసేశాక 100 గ్రాములు తూచండి. ఉడికితే చిన్న గిన్నెడే అవుతుంది. మైండ్ డైట్‌లో అడిగింది కూడా ఇదే, వారానికి ఆరుసార్లు ఆకుకూర. ఇంట్లో ఎవరైనా అసిట్రామ్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆకుకూర మానక్కర్లేదు. అయితే ఒక వారం లేకుండా, ఒక వారం రోజూ తింటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూపే అంకె) అటూఇటూ ఊగిపోతుంది. ప్రతి వారం ఒకే మోతాదు ఉంచండి.

రాగి, జొన్న మంచివే. పిండి మెత్తగా ఆడించి పలచటి జావ కాస్తే మాత్రం షుగర్ అన్నంతో సమానంగా ఎగురుతుంది. జొన్నరొట్టె, రాగి సంకటి నయం, పక్కన కూర ఉండాలి.

కాకినాడలో ఉన్నారు కాబట్టి, తింటే, చేప మీద ఒక మాట. కవళ్ళు, కానాగంతలు సాల్మన్‌కి ఏమాత్రం తీసిపోవు. చవక, ఒమేగా-3 దండిగా ఉంటుంది. వారానికి రెండుసార్లు పులుసు పెట్టండి. వేపుడు చేస్తే ఆ కొవ్వు నూనెలోకి పోయి, నూనె చేపలోకి వస్తుంది. చేపనూనె క్యాప్సూల్స్‌తో మతిమరుపు ఆగినట్టు పెద్ద ప్రయోగాల్లో తేలలేదు. బ్లూబెర్రీల జోలికి పోవద్దు. నేరేడు పండులోనూ అదే ఊదారంగు పదార్థం, ఆంథోసయనిన్ ఉంటుంది. మిగతా కాలంలో జామ, ఉసిరి.

నూనె: రోజుకి 27 గ్రాములంటే మనిషికి నెలకి 900 మిల్లీలీటర్లు కూడా కాదు. వేరుశెనగ, నువ్వుల నూనె చాలు. నెల మొదట్లో సీసా మీద తేదీ రాసి పెడితే ఎంత ఖర్చవుతోందో తెలిసిపోతుంది. బజ్జీలు వేసిన నూనెని మళ్లీ మళ్లీ కాచకండి.

ఇక ఉప్పు. అసలు సంగతి ఇక్కడే ఉంది. మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక చిన్న చెంచా, అన్నీ కలిపి. ఇద్దరున్న ఇంట్లో నెలకి 300 గ్రాములు. కిలో ప్యాకెట్ మూడు నెలలకి పైగా రావాలి. నెలన్నరకే అయిపోతుంటే లెక్క తప్పినట్టే. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు ఆ ప్యాకెట్ లెక్కలోకి రావు, అవి అదనం. ఆవకాయ ఒక పెద్ద చెంచాలోనే రమారమి ఒకటిన్నర నుంచి 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. పూటపూటా వేసుకుంటే రోజు కోటా అక్కడే అయిపోతుంది. ఆవకాయ పూర్తిగా మానమనను. వారానికి రెండుసార్లు, చిన్న చెంచాతో, ఆ పూట కూరలో ఉప్పు తగ్గించి తినండి. మిగతా రోజుల్లో అప్పటికప్పుడు నూరిన రోటిపచ్చడి చేస్తే పులుపు, కారం ముందుంటాయి, ఉప్పు తక్కువైనా నాలుక పట్టుకోదు. పింక్ సాల్ట్, సైంధవ లవణం కూడా సోడియం క్లోరైడే, తేడా లేదు. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచుతుంది. కిడ్నీ పరీక్ష, పొటాషియం పరీక్ష చూపించకుండా అమ్మగారికి అది వాడకండి.

నరాల_ఓపీ:

పోషణ గారి కొలతలతో గొడవ లేదు. వరస మాత్రం మారుస్తాను. అడిగేవాళ్లందరూ తిండితో మొదలుపెడతారు, బీపీ పుస్తకం చూపించమంటే ఉండదు.

లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024 నివేదిక మార్చుకోగలిగిన ముప్పు కారణాలు 14 లెక్కవేసింది. అవన్నీ తొలగితే ప్రపంచంలో డిమెన్షియా (అల్జీమర్స్‌తో సహా మతిమరుపు జబ్బులు) కేసుల్లో 45 శాతం దాకా రాకుండా ఉండొచ్చు, లేదా ఆలస్యం కావొచ్చు అని అంచనా. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్క. ఒక మనిషి ముప్పు 45 శాతం తగ్గుతుందని అర్థం కాదు. ఆ జాబితాలో పెద్ద వాటాలు రెండు, చెరి 7 శాతం: వినికిడి లోపం, నడివయసులో ఎక్కువగా ఉన్న ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్. రెంటికీ పరీక్ష ఉంది, చికిత్స ఉంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేస్తే మతిమరుపు వస్తుందన్న భయంతో మానేసేవాళ్లు చాలామంది. పెద్ద ప్రయోగాల్లో అది రుజువు కాలేదు. షుగర్ ఉన్న 64 ఏళ్ల మనిషికి స్టాటిన్ అవసరమో కాదో డాక్టరుని సూటిగా అడగండి.

బీపీ విషయంలో స్ప్రింట్ మైండ్ ప్రయోగం, 2019 ఫలితాలు చూడాలి. పై అంకెని 120 లోపు దించినవాళ్లలో, 140 లోపు ఉంచినవాళ్లతో పోలిస్తే తేలికపాటి మతిమరుపు దశ 19 శాతం తగ్గింది. డిమెన్షియా కూడా తగ్గినట్టే కనిపించింది, కానీ గణాంకపరంగా నిలబడలేదు. ఆ ప్రయోగంలో షుగర్ ఉన్నవాళ్లని తీసుకోలేదు. కాబట్టి అమ్మగారికి 120 అని మీరే గురి పెట్టుకోకండి. షుగర్ ఉన్నవాళ్లకి మామూలుగా 130/80 లోపు చూస్తాం, కళ్లు తిరగకుండా.

షుగర్ ఎక్కువుండటం ఎంత చెడ్డదో, పడిపోవడం మెదడుకి అంతకన్నా చెడ్డది. గ్లిమిపిరైడ్ వేసుకుని ఏకాదశి ఉపవాసం, కార్తీక సోమవారం ఉపవాసం ఉండటంతో షుగర్ 50లకి దిగి ఆస్పత్రికి వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. ఉపవాసం తప్పదంటే ఆ రోజు మాత్ర ఏం చేయాలో ముందే రాయించుకోండి. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు మొదలైతే గ్లూకోమీటర్ పెట్టండి. 70 లోపు ఉంటే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. గ్యాస్ మాత్రలు, అంటే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ రోజూ వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. శాకాహారులైతే మరీ. బీ12 లోపం అల్జీమర్స్‌లాగే కనిపిస్తుంది, కానీ సరిచేయగలం. మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాముల లోపు ఉంటే వెంటనే చికిత్స కావాలి. ఏడాదికోసారి బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ) చేయించండి. బీ12 మామూలుగా ఉన్నవాళ్లు విటమిన్ మాత్రలు మింగితే మతిమరుపు ఆగదు. ముప్పు తగ్గించడానికి బీ, ఈ విటమిన్లు, ఒమేగా మాత్రలు సిఫారసు చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్, దురదకి హైడ్రాక్సిజిన్, నిద్రకి అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడానికి ఆక్సిబ్యూటినిన్: ఇవన్నీ మెదడులో ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటాయి. జ్ఞాపకానికి కావలసిన రసాయనం అదే. రెండు మూడు కలిస్తే పెద్దవాళ్లకి అయోమయం వస్తుంది. నిద్రకోసం ఆల్ప్రజోలామ్ సొంతంగా కొనుక్కోవడం కూడా ఆపాలి, అయితే ఒక్కరోజులో కాదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా దించుతూ.

జన్యు పరీక్ష అక్కర్లేదు. అమ్మమ్మగారికి 78లో వచ్చింది అంటే వంశపారంపర్యంగా తప్పకుండా దిగే అరుదైన రకం అనుకోవడానికి ఆధారం లేదు. ఆ రకం సాధారణంగా 65 లోపే, చాలాసార్లు 40లు, 50లలోనే మొదలవుతుంది. మామూలు రకంలో చూసేది ఏపీఓఈ-4 అనే జన్యు రూపం. ఒక కాపీ ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు అంటారు, కానీ ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, లేనివాళ్లకి రాదనీ కాదు. ఫలితం ఏదొచ్చినా చేయవలసిన పనులు ఇవే.

గోదారిగట్టు:

వివరంగా రాశారు. ఇంకో మూడు సందేహాలు. టీవీ శబ్దం ఈమధ్య బాగా పెంచుతోంది, ఫోనులో "ఆఁ? ఏంటి?" అని రెండుసార్లు అడుగుతోంది. చెవి పరీక్ష చేయిద్దామంటే "నాకు బాగానే వినపడుతోంది" అంటుంది. రెండోది, ఇంట్లో బీపీ మిషన్ ఒకసారి 150, ఐదు నిమిషాలకి 128 చూపిస్తుంది. ఏది నమ్మాలి? మూడోది, వంటింట్లో అల్యూమినియం గిన్నెలు తీసేయమని బంధువులు పట్టుబడుతున్నారు. కొబ్బరి నూనె, పసుపు, బ్రాహ్మి సంగతి కూడా చెప్పండి.

వినికిడి:

"బాగానే వినపడుతోంది" అనడం నిజమే అయ్యుంటుంది. వయసుతో ముందు పోయేది సన్నని శబ్దాలు. స, శ, త, ఫ లాంటివి జారిపోతాయి, అచ్చుల శబ్దం అలాగే ఉంటుంది. మాట వినపడుతుంది, అర్థం కాదు. అందుకే గట్టిగా అరిచినా ఉపయోగం ఉండదు. ఎదురుగా నిలబడి, వెలుతురులో, మెల్లగా మాట్లాడాలి.

మొదట ఈఎన్‌టీ దగ్గర గుబిలి ఉందేమో చూపించండి. తర్వాత శబ్దం రాని గదిలో ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ, దానితోపాటు మాట పరీక్ష కూడా అడగండి. మాట పరీక్ష తెలుగు పదాలతో చేసేచోటికే వెళ్లండి. రాని భాషలో పదాలు చదివి వినిపిస్తే ఫలితం తప్పొస్తుంది.

వినికిడి మిషన్ వల్ల మెదడుకి లాభం ఎంత అంటే, 2023లో వచ్చిన అచీవ్ ప్రయోగంలో 70 నుంచి 84 ఏళ్ల 977 మందిని మూడేళ్లు చూశారు. మొత్తం మీద తేడా రాలేదు. గుండె, షుగర్ లాంటి ముప్పు ఎక్కువున్న గుంపులో మాత్రం, మిషన్ పెట్టుకున్నవాళ్లలో తెలివితేటల తరుగుదల 48 శాతం నెమ్మదించింది. అమ్మగారికి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి కాబట్టి ఆ గుంపుకే దగ్గర.

మిషన్ కొన్నవాళ్లు డ్రాయరులో పడేయడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, మొదటిరోజే పూటంతా పెట్టుకోవడం. ఏళ్లుగా వినపడని ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు ఒక్కసారిగా మీద పడతాయి. మొదటి వారం ఇంట్లో ఒకరితో మాట్లాడేటప్పుడు గంట, రెండు గంటలు. రెండో వారం టీవీ, ఫోను. తర్వాత బజారు, పెళ్లిళ్లు. రెండు వారాలకి తిరిగి వెళ్లి ప్రోగ్రామింగ్ సరిచేయించాలి. ఈ రెండో సర్దుబాటు కొన్న ధరలోనే వస్తుందా అని డబ్బు కట్టకముందే అడగండి. రెండు చెవులకీ లోపం ఉంటే రెంటికీ కావాలి. జింక్ బ్యాటరీ అయితే స్టిక్కర్ తీసి ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టాలి. కాకినాడ ఉక్కకి చెమట లోపలికి పోతుంది, రాత్రి తేమ పీల్చే గింజలున్న డబ్బాలో ఉంచండి.

కంటి శుక్లం ఉంటే అదీ వాయిదా వేయకండి. సియాటిల్‌లో పెద్దవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలో శుక్లం తీయించుకున్నవాళ్లలో డిమెన్షియా సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది.

నడకబాట:

వ్యాయామం గురించి ఎవరూ ముట్టలేదు కాబట్టి నేను రాస్తున్నాను. వారానికి 150 నిమిషాల చురుకైన నడక. చురుకు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. 10,000 అడుగులు అని బెంబేలెత్తక్కర్లేదు. బ్రిటన్‌లో 78,000 మంది చేతి పరికరాల లెక్కతో 2022లో వచ్చిన పరిశోధనలో రోజుకి సుమారు 9,800 అడుగుల దగ్గర ముప్పు సగానికి, 3,800 దగ్గరే 25 శాతం తక్కువగా కనిపించింది. ఇప్పుడు 2,000 నడుస్తుంటే వారానికి 500 చొప్పున పెంచండి. పరగడుపున గ్లిమిపిరైడ్ వేసుకుని నడవడం ప్రమాదం. టిఫిన్ తిన్నాక నడవండి, జేబులో గ్లూకోజ్ ఉండాలి. హవాయి చెప్పులు వద్దు, మడమ పట్టి ఉండే బూట్లు కావాలి. పడి తలకి దెబ్బ తగలడం కూడా ఆ 14 కారణాల్లో ఒకటి.

కండ బలానికి: చేతులులేని కుర్చీని గోడకి ఆనించి, చేతులు కట్టుకుని లేచి కూర్చోవడం, ఎనిమిదిసార్లు, రెండు విడతలు, వారానికి రెండు మూడు రోజులు. మోకాళ్లు నొప్పి అంటే కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి.

2015లో ఫిన్లాండ్ ఫింగర్ ప్రయోగం 60 నుంచి 77 ఏళ్ల 1,260 మందికి తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ-షుగర్ పర్యవేక్షణ నాలుగూ కలిపి రెండేళ్లు నడిపి, మెదడు పరీక్షల్లో మెరుగుదల 25 శాతం ఎక్కువని చూపించింది. ఒక్కటే పట్టుకుని మిగతావి వదిలేస్తే ఆ ఫలితం ఆశించకూడదు.

మెదడుకి పని అంటే రోజూ ఒకే రకం సుడోకు కాదు. చేసేకొద్దీ సుడోకు బాగా వస్తుంది, అంతే. కొత్తగా నేర్చుకోవాలి, అదీ నలుగురితో కలిసి. మన దగ్గరి ఆధారం ఒకటుంది. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులని పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు లేనివాళ్లలో కూడా. అమ్మగారికి హిందీయో తమిళమో కాస్త వస్తే, దాన్ని వాడే మనుషుల్ని కలపండి.

నిద్ర ఆరు గంటల లోపు ఉంటే, గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే నిద్ర పరీక్ష చేయించాలి. చుట్ట, అడ్డపొగ (నిప్పు నోట్లో పెట్టి తాగే చుట్ట), కట్టెల పొయ్యి పొగ ఏది ఉన్నా ఆపాలి.

పోషణ_తార్నాక:

అల్యూమినియం భయం పాతది. అల్జీమర్స్ రోగుల మెదడులో ఆ లోహం కనిపించిందని దశాబ్దాల కిందట మొదలైంది, కానీ వంటపాత్రల వల్ల జబ్బు వస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలలేదు. చింతపండు పులుసు, టమాటా పచ్చడి అందులో కాస్తే లోహం కొంచెం కరిగే మాట నిజం, రుచీ పాడవుతుంది. పులుపు వంటలకి స్టీలో మట్టిపాత్రో వాడండి. అన్నం కుక్కర్ మార్చక్కర్లేదు.

కొబ్బరి నూనె దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు. ఎల్‌డీఎల్ పెంచుతుంది. ఇదే చర్చలో పైన పెద్ద ముప్పుల్లో ఒకటిగా చెప్పుకున్నది ఎల్‌డీఎల్ గురించే. కూరలో పసుపు వేసుకోండి. పైపరిన్ (మిరియాల సారం) కలిపిన కర్క్యుమిన్ (పసుపు సారం) మాత్రలు మాత్రం వద్దు, వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. బ్రాహ్మి మీద చిన్న చిన్న ప్రయోగాలున్నాయి, అల్జీమర్స్ రాకుండా ఆపుతుందని చూపించినవి లేవు. గింకో చెట్టు ఆకుల సారం మీద మాత్రం 3,069 మందితో పెద్ద ప్రయోగమే జరిగింది. 2008 ఫలితాల్లో లాభం సున్నా.

నరాల_ఓపీ:

బీపీ మిషన్ సంగతి. మొదటి రీడింగ్ 150, తర్వాత 128 రావడం మిషన్ తప్పు కాకపోవచ్చు, కూర్చున్న తీరు తప్పు అయ్యుంటుంది. వంటింట్లోంచి వచ్చి వెంటనే పెట్టకూడదు. అరగంట ముందునుంచి కాఫీ లేకుండా, మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాళ్లు మడవకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ చీర జాకెట్టు మీద కాదు, ఒంటి మీద, గుండె ఎత్తులో, చేయి బల్ల మీద ఆనించి. ఆ సమయంలో మాట్లాడకూడదు. జబ్బ చుట్టుకొలత టేపుతో కొలవండి. మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్లకి సరిపోతుంది, అంతకన్నా లావు చేతికి అదే బిగిస్తే అంకె లేనిదే ఎక్కువ చూపిస్తుంది. మణికట్టు మిషన్లు వద్దు.

పొద్దున మందు వేసుకోకముందు రెండుసార్లు నిమిషం తేడాతో, సాయంత్రం రెండుసార్లు, ఏడు రోజులు రాయండి. మొదటిరోజు అంకెలు కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంటి కొలతలో సగటు 135/85 దాటితే ఎవరికైనా బీపీ ఎక్కువున్నట్టే; షుగర్ ఉన్న అమ్మగారికి గురి మాత్రం పైన చెప్పిన 130/80 లోపే. ఆ వారంలో ఒకరోజు కూర్చున్న రీడింగ్ అయ్యాక నిలబెట్టి, ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ కొలవండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే కూర్చున్న బీపీ చూసి మందు పెంచడం ప్రమాదం. ఆ రెండు అంకెలు పుస్తకంలో విడిగా రాసి, మందు మార్చేముందు డాక్టరుకి చూపించండి.